పొట్టకి బ్యాండ్ పడ్డాక పళ్ళెం దగ్గర పనికొచ్చే చిట్కాలు

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అంటే వ్యాగన్ రిపేర్ షాపు కాలనీ. రైల్వే కొలువు కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగిళ్ళు మనవి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పూ చారూ మజ్జిగా, సాయంత్రం వేడివేడి సమోసా, పక్కింటి ఛత్తీస్‌గఢీ అమ్మ పంపే ఫరా, చీలా. ఇలాంటి ఇంట్లో ఒకరు బరువు తగ్గడానికి పొట్టకి బ్యాండ్ వేయించుకున్నారనుకోండి. ఆపరేషన్ గంటా గంటన్నరలో అయిపోతుంది. గొడవంతా తర్వాత, పళ్ళెం దగ్గర. ఆసుపత్రి వాళ్ళిచ్చే డైట్ చార్టులో ఓట్సు, సూపు, బ్రకోలీ ఉంటాయి. చారన్నం సంగతి ఉండదు. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు. మీ డాక్టరు వేరేలా చెబితే డాక్టరు మాటే వినండి.

1. జరిగింది ఏ ఆపరేషనో ఇంటిల్లిపాదీ తెలుసుకోండి.

‘బరువు ఆపరేషన్’ అని ఒకే మాట అనేస్తాం. 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ చేయించుకున్నారని పేపర్లో చదివి ‘అదే ఇది’ అనుకుంటాం. కానీ స్లీవ్ వేరు, బైపాస్ వేరు, బ్యాండ్ వేరు. ఒంట్లో కొవ్వు లాగేసే లైపోసక్షన్ అయితే ఈ జాబితాలోనే లేదు. స్లీవ్‌లో పొట్టలో చాలా భాగం కోసి తీసేస్తారు. బైపాస్‌లో పేగు దారి మారుస్తారు. బ్యాండ్‌లో ఏదీ కోయరు. పొట్ట పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ ఒకటి వేస్తారు. దాని లోపలివైపు ఉబ్బే గుణం ఉన్న గొట్టం ఉంటుంది. అక్కడినుంచి సన్నని ట్యూబు వచ్చి, పొట్ట చర్మం కింద పెట్టిన చిన్న పోర్టుకి కలుస్తుంది. పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. పట్టీకి పైన మిగిలే సంచిలో పట్టేది 15 నుంచి 30 మిల్లీలీటర్లు, అంటే ఒకటి రెండు టేబుల్ స్పూన్లు.

ఇలా బిగించి వదులు చేయగల పట్టీని 1986లో అమెరికాలో లుబోమిర్ కుజ్మాక్ అనే సర్జన్ వాడారు. 1993లో బెల్జియంలో మితికు బెలాచ్యూ దాన్ని చిన్న రంధ్రాల్లోంచి వేసి చూపించారు. 2001లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి రావడంతో బ్యాండ్‌కి మంచి రోజులొచ్చాయి. ఇప్పుడు ఆ ఊపు లేదు. ప్రపంచమంతటా, మన దేశంలోనూ, స్లీవ్‌దే పైచేయి. అందుకే మీ చుట్టుపక్కల సలహా చెప్పేవాళ్ళలో ఎక్కువమంది స్లీవ్ వాళ్ళే అయివుంటారు. ‘మా తమ్ముడు నాలుగో నెలకే ఇరవై కిలోలు దిగాడు’ అనే మాట బ్యాండ్ వేయించుకున్న మనిషికి నష్టమే చేస్తుంది. వాళ్ళ లెక్క వాళ్ళది.

2. ఎంత తగ్గవచ్చో ముందే కాగితం మీద లెక్క వేసుకోండి.

160 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువు ఉన్నారనుకుందాం. బీఎంఐ 37 అవుతుంది. ఆ ఎత్తుకి బీఎంఐ 25 రావాలంటే బరువు 64 కిలోలు ఉండాలి. అంటే అదనంగా ఉన్నది 31 కిలోలు. బ్యాండ్ బాగా పనిచేసింది అనాలంటే రెండు మూడేళ్ళలో ఈ అదనంలో సుమారు సగం పోవాలి. పదిహేను కిలోలు దిగి 80 దగ్గర నిలబడితే అది మంచి ఫలితం. అది కూడా వారానికి అర కిలో, మహా అయితే కిలో చొప్పున. పెళ్ళినాటి ఫొటో చూసుకుంటూ బ్యాండ్ వేయించుకున్న మనిషికి ఈ 80 అనే అంకె ఓటమిలా కనిపిస్తుంది. షుగరు మాత్రల మోతాదు తగ్గిందా, మోకాళ్ళు మెట్లెక్కనిస్తున్నాయా, రాత్రి గురక తగ్గిందా అన్నవి కూడా అదే కాగితం మీద రాసుకోండి. బరువు కాటా రోజూ ఎక్కే వస్తువు కాదు, వారానికోసారి చాలు.

3. మొదటి ఆరు వారాల్లో ఆకలి వేస్తే కంగారు పడకండి.

మొదట రెండు వారాలు పలచటి ద్రవాలు, తర్వాత గుజ్జు, తర్వాత మెత్తని పదార్థాలు, ఆరో వారం దాటాక మామూలు తిండి. చాలా ఆసుపత్రులు చెప్పే వరస ఇదే. మన ఇళ్ళలో దీనికి కొత్తగా కొనాల్సిందేమీ లేదు. పప్పు కట్టు, వడకట్టిన కూరగాయల రసం, పలచటి చోడి అంబలి, మజ్జిగ తేట మొదటి మెట్టు. మెత్తగా మెదిపిన పప్పు, గిలక్కొట్టిన పెరుగు, బాగా ఉడికిన సొరకాయ, ఎనిపిన గుడ్డు తర్వాతి మెట్టు. బ్యాండ్‌లోకి మొదటిసారి సెలైన్ ఎక్కించేది సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే. అప్పటిదాకా పట్టీ గాయం మానడం కోసం వదులుగానే ఉంటుంది. వాపు తగ్గగానే ఆకలి తిరిగొస్తుంది. ఆపరేషన్ ఫెయిలయిందని ఇంట్లో ఏడుపులు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఏదీ ఫెయిలవలేదు, పని ఇంకా మొదలవలేదంతే. ఆకలి వేసిందని ఆ రోజుల్లోనే అన్నం ముద్ద పెట్టేస్తే మాత్రం కుదురుకుంటున్న పట్టీ జరిగిపోయే ప్రమాదం ఉంది.

4. అన్నంలో చారు, మజ్జిగ కలపడం మానుకోండి.

తెలుగు పళ్ళానికీ బ్యాండ్‌కీ పెద్ద తగవు ఇక్కడే. పైనున్న చిన్న సంచిలో గట్టి తిండి కాసేపు ఆగితేనే ‘ఇక చాలు’ అన్న కబురు మెదడుకి అందుతుంది. నీళ్ళు కలిస్తే సంచిలోది జావగా మారి పట్టీ సందులోంచి దిగిపోతుంది, సంచి ఖాళీ అవుతుంది, మళ్ళీ తినొచ్చు. అందుకే తింటూ నీళ్ళు తాగొద్దనీ, తిన్నాక కనీసం అరగంట ఆగమనీ డాక్టర్లు చెబుతారు. చార్టు చదివిన మన మనిషి గ్లాసు పక్కన పెట్టేస్తాడు. బాగానే ఉంది. గ్లాసులో మానేసిన నీళ్ళు చారు రూపంలో పళ్ళెంలోకి వస్తున్నాయని ఎవరూ అనుకోరు. ముందు పప్పన్నం, తర్వాత చారన్నం, చివర మజ్జిగన్నం: మన భోజనం క్రమమే పోనుపోను పలచబడే క్రమం. బ్యాండ్ ఉన్నవాళ్ళు దీన్ని తిరగేయాలి.

ముందు గుడ్డో చేపో పనీరో, దాంతో గట్టిపప్పు. తర్వాత ఉడికిన కూర. అన్నం చివర, రెండు మూడు ముద్దలు, అదీ చోటు మిగిలితేనే. పెరుగు కావాలంటే గట్టి పెరుగు రెండు చెంచాలు విడిగా తినండి. చారు లేనిదే భోజనం చేసినట్టుండదు అంటారా, భోజనానికి గంట ముందు చిన్న గ్లాసుతో వేడిచారు తాగండి. రుచి తీరుతుంది, పళ్ళెం పాడవదు.

చద్దన్నానిదీ ఇదే కథ. ఛత్తీస్‌గఢ్‌లో దాన్ని బోరే బాసీ అంటారు. 2022 మే 1న కార్మిక దినం సందర్భంగా అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అందర్నీ బాసీ తినమని పిలుపిచ్చాక అది ఫొటోల్లోకి కూడా ఎక్కింది. మన తరవాణికి దగ్గరి చుట్టమే. ఎండాకాలం ఒంటికి హాయి, కాదనను. కానీ నీళ్ళలో నానిన అన్నానికి బ్యాండ్ అడ్డే కాదు. ఎంత తాగితే అంత దిగుతుంది, గంటకే మళ్ళీ ఆకలి.

5. నీళ్ళు మానమనలేదు, భోజనం వేళ మానమన్నాం.

రాయ్‌పూర్ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. రోజుకి ఒకటిన్నర, రెండు లీటర్లు లోపలికి వెళ్ళాల్సిందే. గటగటా తాగడం కుదరదు కాబట్టి సీసా పక్కన పెట్టుకుని భోజనానికీ భోజనానికీ మధ్య గుక్కెడు గుక్కెడుగా తాగాలి. గ్యాసు నిండిన కూల్‌డ్రింకులు వద్దు. చక్కెర కలిపిన లస్సీ, చెరకు రసం దాహానికి తాగేవి కావు, అవి తిండి లెక్కలోకి వస్తాయి.

6. ముద్ద శనగగింజంత, భోజనం ఇరవై నిమిషాలు.

వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు డ్యూటీ చేసినవాళ్ళు క్యారేజీ ఐదు నిమిషాల్లో ఖాళీ చేస్తారు. అది తప్పు కాదు, ఉద్యోగం నేర్పిన వేగం. బ్యాండ్ ఆ వేగాన్ని క్షమించదు. చిన్న పళ్ళెం, చిన్న చెంచా తీసుకోండి. చేత్తో తింటే చెయ్యి పాత కొలత మర్చిపోదు కాబట్టి మొదటి కొన్ని నెలలు చెంచాతో తినడమే మంచిది. ముద్ద నోట్లో పూర్తిగా గుజ్జయ్యేదాకా, ఇరవై ముప్ఫై సార్లు నమిలి మింగాలి. చెంచా కింద పెట్టి, ఆ ముద్ద దిగాక మళ్ళీ ఎత్తాలి. పళ్ళు సరిగా లేనివాళ్ళు ముందు దంతాల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఈ మాట చార్టులో ఎవరూ రాయరు. ఇరవై ఇరవైఐదు నిమిషాలకి పళ్ళెంలో మిగిలిపోయినా లేచిపోవాలి. ‘అన్నం పారేస్తే పాపం’ అని చివరి ముద్ద కుక్కుకోకండి, ముందే తక్కువ వడ్డించుకోండి.

డ్యూటీలో ఉన్నవాళ్ళకి లంచ్ బ్రేకులో తోటివాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ నమలడం కష్టం. కాసేపు ఒంటరిగా కూర్చోవడమో, ఒక నమ్మకమైన స్నేహితుడికి సంగతి చెప్పుకోవడమో చేయండి. దాచిపెట్టి, నలుగురితో సమానంగా తినబోయి, గొంతు కింద ఇరుక్కుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూ బయటికి పరిగెత్తడం కన్నా అది నయం.

7. పొద్దున టిఫిను కాస్త ఆలస్యం చేయండి.

చాలామందికి బ్యాండ్ పొద్దున్నే బిగుసుకున్నట్టుంటుంది. సాయంత్రం దిగే పదార్థమే ఉదయం ఏడింటికి దిగదు. లేవగానే గోరువెచ్చని నీళ్ళు మెల్లగా తాగి, గంటా రెండు గంటలయ్యాక మెత్తని టిఫిను తినండి. ఆదరాబాదరాగా ఉన్న రోజుల్లోనూ, మనసు బాగాలేని రోజుల్లోనూ, ఆడవాళ్ళకి నెలసరి ముందు రోజుల్లోనూ ఇలాగే బిగుతు అనిపించవచ్చు. ఆ పూట పలచగా సరిపెట్టుకోవాలి.

8. ఇరుక్కునేవి ఇవి, గోడమీద రాసి పెట్టుకోండి.

ముద్దయ్యేవి: కొత్త బ్రెడ్డు, వడా పావ్‌లో పావు, చపాతీ, పూరీ, మందపాటి దోసె, ఇడ్లీ, ఫరా, ముద్దగా ఉడికిన అన్నం. ఇడ్లీ మెత్తనిది కదా, జబ్బు చేసిన వాళ్ళకి పెట్టేది కదా అంటారు. మెత్తనిదే, కానీ నమిలితే పిండిముద్దగా చుట్టుకుంటుంది. పీచువి: ములక్కాడ పిప్పి, తోటకూర కాడలు, పనసతొన, కమలా తొనల పొరలు, కొబ్బరి తురుము. ఎండువి: వేయించిన కోడి ముక్క, ముదురు మటన్, నిన్నటి కూర మళ్ళీ వేడిచేసినది.

పరిష్కారం ఉంది. లాల్ భాజీ, చెంచ్ భాజీ అని గుఢియారి బజారులో దొరికే ఆకుకూరలు కాడలు తీసేసి పప్పులో ఉడికిస్తే చక్కగా దిగుతాయి. కోడి బదులు చేప. మటన్ తినాలంటే ఖీమా, అదీ గ్రేవీతో. చపాతీ పల్చటిది సగం, కరకరలాడేలా కాల్చి, ముక్కలు ముక్కలుగా. ఒకరికి దిగనిది మరొకరికి దిగుతుంది. కొత్తగా ఏది తినబోయినా ఇంట్లోనే, తీరిక ఉన్నప్పుడే, ఒక్కటే తిని చూడండి.

9. ఇరుక్కుంటే నీళ్ళు తాగకండి.

రొమ్ము మధ్యలో బరువు, నోటినిండా చొంగ, ఎక్కిళ్ళు, తేన్పు రాబోయి ఆగిపోవడం. ఇవీ లక్షణాలు. మన ఇళ్ళలో మొదట జరిగేది చెంబుడు నీళ్ళు తెచ్చి ఇవ్వడం, వీపు మీద చరచడం. రెండూ వద్దు. కింద దారి మూసుకుంది, పైనుంచి నీళ్ళు పోస్తే పొంగుతుంది. తినడం ఆపి, లేచి నిలబడి, అటూ ఇటూ మెల్లగా నడవాలి. చొంగ మింగకుండా ఉమ్మేయాలి. గొంతులో వేలు పెట్టి కక్కించకూడదు. చాలాసార్లు కాసేపటికి దిగిపోతుంది, లేదా పైకి వచ్చేస్తుంది. ఏదైనా ఆ తర్వాత ఒక రోజంతా ద్రవాలే. లోపల వాచిన చోట మళ్ళీ గట్టి తిండి పెడితే మళ్ళీ ఇరుక్కుంటుంది. గంటలు గడిచినా ఉమ్మి కూడా దిగకపోతే ఆసుపత్రికి వెళ్ళి సెలైన్ తీయించాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

ఇంకో హెచ్చరిక. రొమ్ములో బరువు ప్రతిసారీ ఇడ్లీ పనే కాదు. ఏమీ తినకుండా వచ్చినా, చెమట పట్టినా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా అది గుండె నొప్పి కావచ్చు. బ్యాండ్ మీదకి తోసేసి ఇంట్లో కూర్చోకండి.

10. జారిపోయే తిండిని చూసి భయపడండి, ఇరుక్కునేదాన్ని చూసి కాదు.

పాలకోవా, ఐస్‌క్రీము, కండెన్స్‌డ్ మిల్కు పాయసం, మైసూర్‌పాక్, చాక్లెట్, చిప్స్, జంతికలు. ఇవేవీ ఇరుక్కోవు. నోట్లో కరిగేవి కొన్ని, పొడై దిగేవి కొన్ని. పొద్దున గుడ్డు ఇరుక్కుని ఏడిపించింది, సాయంత్రం రసమలై హాయిగా దిగింది. మనిషి ఎటు మొగ్గుతుంది? మెల్లమెల్లగా గుడ్డూ కూరా మానేసి, దిగేవాటితోనే కడుపు నింపుకోవడం అలవాటవుతుంది. ‘అస్సలేమీ తినట్లేదు, అయినా బరువు దిగట్లేదు’ అనే మాట వెనక చాలా ఇళ్ళలో ఉన్న రహస్యం ఇదే. ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే పళ్ళెంలో తిండి తగ్గింది, డబ్బాల్లోది పెరిగింది.

దీనికి ఒక్కరి మనోబలం చాలదు, ఇల్లు సర్దాలి. మిగతా అందరూ తింటారు కాబట్టి స్వీట్లు ఇంటికి రానే రావద్దనడం జరిగే పని కాదు. పండక్కి వండండి, ఆ రెండు రోజుల్లో పంచేయండి. ఫ్రిజ్‌లో, అల్మారా పై అరలో నెలల తరబడి నిలవ ఉండే డబ్బా ఉండకూడదు. నెయ్యి ఒక చిన్న చెంచాకి 45 కేలరీలు. ‘మెత్తగా దిగుతుంది కదా’ అని ప్రతి ముద్దకీ నెయ్యి పోసే అమ్మలకి ఈ అంకె చెప్పండి.

11. మాంసకృత్తులు రోజుకి 60 గ్రాములు, లెక్క ఇదిగో.

రెండు గుడ్లకి 12. వండిన చేప వంద గ్రాములకి 20. పనీరు యాభై గ్రాములకి 9. పాలు, పెరుగు కలిపి మూడొందల మిల్లీలీటర్లకి 10. రోజంతటిలో పాతిక గ్రాముల కందిపప్పు వండుకుంటే 5. కలిపితే 56, అరవైకి దగ్గరపడ్డట్టే. శాకాహారులకి సోయా బడీ ఆధారం: పొడిగా ఉన్నప్పుడు పాతిక గ్రాములకి సుమారు 13. ముక్కల కంటే చూరలా దొరికేది నానబెట్టి కూరలో కలిపితే ఇరుక్కోదు. పుట్నాల పొడి పెరుగులో కలుపుకోవచ్చు. ఈ లెక్క తప్పితే మూడో నెల నుంచి జుట్టు రాలడం ఎక్కువవుతుంది. కొంత రాలడం బరువు తగ్గేవాళ్ళందరికీ ఉండేదే, చాలామందికి తిరిగొస్తుంది. ఐరన్, బీ12 పరీక్షలూ, డాక్టరు రాసిన విటమిన్ మాత్రలూ మాత్రం మానకండి.

12. ‘టైట్ చేయించుకో’ అనే సలహా ఇవ్వకండి.

బరువు దిగడం ఆగగానే కాలనీ అంతా ఇదే అంటుంది. ఆగిన కారణం వదులైన పట్టీ కావచ్చు, మరీ బిగిసిన పట్టీ కూడా కావచ్చు. రెండు గంటలకే ఆకలి, పెద్ద ముద్దలు సులువుగా దిగడం వదులుకి గుర్తు. గట్టి తిండి దిగక స్వీట్ల మీదకి పోవడం, తరచూ వాంతి, గుండెల్లో మంట, రాత్రి పడుకోగానే దగ్గు, తలగడ మీద పుల్లటి నీళ్ళు మరీ బిగుతుకి గుర్తు. రెండో రకానికి మళ్ళీ బిగిస్తే పట్టీ జారవచ్చు, పై సంచి సాగిపోవచ్చు. నన్నడిగితే, బ్యాండ్ విషయంలో జనం చేసే పెద్ద పొరపాటు దాన్ని కాపలావాడు అనుకోవడం. అది తిన్న కాస్తకే కడుపు నిండిందనిపించే పరికరం మాత్రమే. ఏం తింటున్నారో అది చూడదు.

ఆకలి లేకుండానే తినాలనిపించడం మీద కూడా దానికి అధికారం లేదు. సాయంత్రం సమోసా కొట్టు దగ్గర నలుగురితో నిలబడడం తిండి కంటే ఎక్కువ స్నేహం. అది పోతే వెలితిగానే ఉంటుంది. కొట్టు మానినా నడక మానకండి, అదే వేళకి అదే మనుషులతో మైదానం చుట్టూ తిరగండి. తిండి పోయిన చోట మందు వచ్చి కూర్చోకుండా చూసుకోండి. అది గ్లాసులో జారిపోయే తిండే, పైగా అలవాటు. దిగులు వారాల తరబడి తగ్గకపోతే మనసు డాక్టర్ని కలవడానికి సిగ్గేం లేదు.

13. వాంతులు మామూలే అనుకోవద్దు.

రోజూ వాంతి అవుతోందంటే బ్యాండ్ ‘పనిచేస్తున్నట్టు’ కాదు. వారాల తరబడి వాంతులైతే బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటుతుంది. కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తికమక అవడం మొదలైతే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. గ్లూకోజ్ ఎక్కించబోతే ముందే ‘బ్యాండ్ ఉంది, ఇన్ని రోజులుగా వాంతులు, థయమిన్ ఇవ్వాలా చూడండి’ అని చెప్పండి. థయమిన్ కన్నా ముందు గ్లూకోజ్ ఎక్కితే మెదడుకి హాని జరగవచ్చు.

14. మాత్రలూ ఇరుక్కుంటాయి.

పెద్ద మాత్రలకి బదులు సిరప్పో, చిన్న మాత్రలో ఉన్నాయేమో అడగండి. మెల్లగా కరిగే రకం షుగరు, బీపీ మాత్రల్ని మీకు మీరే నూరేయకండి. ఒళ్ళు నొప్పులకి దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి డాక్టర్ని అడగనిదే వేసుకోకండి. తిండి తగ్గితే ఇన్సులిన్, షుగరు మాత్రల మోతాదు కూడా తగ్గాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వేసుకోమంటారు. ముందే వస్తే వెంటనే చెప్పాలి, బ్యాండ్ వదులు చేయాల్సి రావచ్చు.

15. పండగ రోజున వడ్డించేవాళ్ళకి ఒక మాట.

‘ఏటి వదినా, ఏటీ తినవేటి? ఇంకో రెండేసుకో’ అనడం మనకి ప్రేమ. కొసరి వడ్డించకపోతే మర్యాద తక్కువైనట్టు. తినే మనిషి కాదనలేక తింటుంది, పది నిమిషాలకి పెరట్లో కక్కుకుంటుంది. ఒక్కసారి అడగండి, వద్దంటే వదిలేయండి. వెనకాలే ‘లక్షలు పోసి చేయించుకుంది, చూడండి ఇంకా ఎలా ఉందో’ అనే వ్యాఖ్యానం కూడా వదిలేయండి.

తినేవాళ్ళు బంతిలో కూర్చునే ముందే వడ్డించేవారికి చెప్పుకోండి. విస్తరిలో అన్నీ కొంచెం కొంచెం వేయించుకోవడం కన్నా, ఇష్టమైనవి రెండే వేయించుకోవడం సుఖం. సంక్రాంతి అరిసె సాగుతుంది, ఇరుక్కుంటుంది. చిన్న ముక్క చాలు. తీజ, పోలా పండగలకి పక్కిళ్ళ నుంచి వచ్చే ఠేఠ్రీ, ఖుర్మీ పొడై దిగుతాయి కాబట్టి పదో చిట్కా గుర్తుంచుకోండి. దసరాకి మన మైదానంలో రావణ దహనం చూడ్డానికి ఊరంతా వస్తుంది, దారిపొడవునా చాట్ బళ్ళే. తిని బయల్దేరండి. కార్తీక సోమవారాలు పగలంతా ఉపవాసం ఉండి రాత్రి గబగబా తినే పద్ధతి బ్యాండ్‌కి సరిపడదు. దీపం పెట్టుకోండి, ఉపవాసం విషయం డాక్టర్నీ పంతులుగారినీ ఇద్దర్నీ అడగండి. పంతులుగారు ఒప్పుకునే అవకాశమే ఎక్కువ.

16. రైల్లో కొత్త తిండి జోలికి పోవద్దు.

సమతా ఎక్స్‌ప్రెస్ అయినా, 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖ వందే భారత్ అయినా, మనం ఊరెళ్ళేది టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగానే. కదిలే బండిలో ఇరుక్కుంటే నిలబడి నడిచే చోటు కూడా ఉండదు. గట్టి పెరుగు, ఎనిపిన పనీరు, ఉడికించిన గుడ్డు ఒక డబ్బాలో పట్టుకెళ్ళండి. ఊళ్ళో దిగాక అత్తవారింట్లో మొదటి పూటే చెప్పేయండి, రెండో పూటకి మొహమాటం పెరుగుతుంది.

17. బ్యాండ్ కాగితం జేబులో ఉండాలి.

ఆపరేషన్ విశాఖలోనో, హైదరాబాదులోనో, నాగపూరులోనో చేయించుకుని ఇక్కడ ఉంటున్నవాళ్ళకి ఇది అన్నిటికన్నా ముఖ్యం. బ్యాండ్ కంపెనీ, రకం, అందులో ఎన్ని మిల్లీలీటర్లు పడుతుంది, చివరిసారి ఎప్పుడు, ఎంత ఎక్కించారు, పోర్టు ఏ వైపు ఉంది, సర్జన్ ఫోను నంబరు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పర్సులో ఒకటి, ఇంట్లో ఒకటి పెట్టండి. అర్ధరాత్రి రైల్వే ఆసుపత్రికి పరిగెత్తినా, టాటీబంద్‌లో ఎయిమ్స్‌కి పరిగెత్తినా అక్కడి డ్యూటీ డాక్టరు ముందు అడిగేది అదే. పోర్టులో గుచ్చేది మామూలు సూది కాదు, హ్యూబర్ సూది అని ప్రత్యేకమైనది. మామూలు సూదితో గుచ్చితే పోర్టు కారిపోతుంది. వీధిలో ఇంజక్షన్లు చేసే కాంపౌండరు చేత సెలైన్ తీయించుకోవడం, ఎంత ఇబ్బందిలో ఉన్నా, కుదరదు.

పదేళ్ళ కిందట వేయించుకుని చెకప్ మానేసినవాళ్ళు కూడా ఒకసారి వెళ్ళి చూపించుకోండి. పట్టీ జారినా, లోపలికి ఒరుసుకుపోయినా కొన్నాళ్ళు బయటికి తెలియదు. తీసేయాల్సి వస్తే తీసేస్తారు, చాలామందికి తీసేశారు కూడా. బరువు మళ్ళీ పెరిగిందని డాక్టరుకి మొహం చూపించలేక ఆగిపోకండి. పెరిగినప్పుడే వెళ్ళాలి.